ఆఖరింటి అంకె

పోయినవాటి లెక్క ముందు రాసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. ఇళ్ళు పంతొమ్మిది. అందులో మా వరసవి ఆరు. ఇప్పచెట్లు నలభై ఒకటి, వాటిలో మా ఇంటి వాటా నాలుగు. చేదబావి ఒకటి. దానికి గట్టు లేదు. బోరింగు ఒకటి. మేకలు ఎన్నో తెలియదు. లెక్కపెడితే తగ్గుతాయని ఎవరూ లెక్కపెట్టనిచ్చేవారు కాదు. లారీ బ్యాటరీ ఒకటి, బల్బులు ఆరు, ఎర్ర తీగ వంద మీటర్లు, నల్ల తీగ వంద మీటర్లు. మనుషుల లెక్క వేరే కాగితం మీద ఉంది. దాన్ని ఇక్కడికి తేను.

ఊరు ఎందుకు ఖాళీ అయిందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పను. ఒక వారం ఉన్నాం, తర్వాతి వారం లేము. ఇప్పుడు మరైగూడ వైపు వెళ్ళే బస్సు కిటికీలోంచి చూస్తే ఆ ఇప్పచెట్ల తలలు మాత్రం కనిపిస్తాయి. బస్సు అక్కడ ఆగదు. నేనూ ఎప్పుడూ ఆపమనలేదు.

ఇదంతా మళ్ళీ ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మొన్న కరెంటువాళ్ళు ఇద్దరు వచ్చారు. ఇప్పుడు మేముంటున్న కాలనీలో సాయంత్రమైతే ఫ్యాన్లు ఈగను కూడా తోలవు. ఒకతను స్తంభం ఎక్కాడు. ఇంకొకతను మా ఇంట్లోకి వచ్చి ప్లగ్గులో మీటరు పిన్నులు రెండూ గుచ్చాడు. స్తంభం మీదతను అక్కడినుంచే అరిచాడు.

"కిత్నా హై?"

"ఏక్ సౌ సత్తర్!"

"ఠీక్ సే దేఖ్, భాయ్!"

నూట డెబ్బై. రెండు వందల ముప్పై వోల్టులు ఉండాలి, అందుకే పైవాడు సరిగ్గా చూడమన్నాడు. అది కొత్త సంగతేమీ కాదు. నన్ను ఆపింది ఆ అడిగిన తీరు. పైనున్నవాడికి అంకె కనిపించదు. కిందున్నవాడు ఏది చెబితే అదే అంకె. నేను రెండు గ్లాసుల టీ పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడ్డాను. వాళ్ళ చేతికి అందేసరికి అది చల్లారిపోయింది.

పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, కిరందుల్ ఇనుప గనుల దగ్గర వైర్‌మన్‌గా ముప్పై ఏళ్ళు చేశాడు. నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు, ఇప్పపూలు రాలడం అయిపోయి తునికాకు కోత ఇంకా మొదలుకాని రోజుల్లో, ఒక రేకుపెట్టెతో మా ఇంటికి వచ్చేశాడు. పెద్దమ్మ అప్పటికే పోయింది. ఆయన కళ్ళకు నీటికాసులు. చూపు ముందు అంచుల్లో పోతుందని, తర్వాత నడిమికి వస్తుందని డాక్టరు చెప్పాడట. ఆయన బట్టలు ఉతికితే మూడు ఉతుకుల దాకా ఎర్రనీళ్ళు వచ్చాయి. అది గని మన్ను. పెట్టె తెరిస్తే గ్రీజు వాసన, బీడీల వాసన. అడుగున తువ్వాలులో చుట్టిన మీటరు.

వచ్చిన ఐదో రోజున ఆయన బావి దగ్గర ఒక అడుగు తప్పు వేశాడు. పడలేదు. ఆ మధ్యాహ్నం జావ తాగుతూ నాయన ఆ మాట ఎత్తాడు.

"అన్నా, ఇంకొక్క అడుగు ముందుకేస్తే ఏందే గతి?"

"వెయ్యలే కదరా."

"నీ బిడ్డ కిరందుల్‌ల క్వార్టర్ల ఉన్నది. అల్లుడు రమ్మంటనే ఉన్నడు. ఈడ నేను పొద్దంత అడవిల ఉంట. నిన్నెవరు చూస్తరు?"

"నన్ను చూసుడు ఎందుకు? నేనేమన్న పసిపోరన్నా? పనిచేస్త."

"ఏం పని చేస్తవే, కండ్లు కనపడకుండ?"

నాయనమ్మ పొయ్యి దగ్గర్నుంచి గరిటె చూపించింది. "వాడు ఇంటికి పెద్దోడు. వాడు ఈన్నే ఉంటడు. నువ్వు నోరు మూసుకొని జావ తాగు."

పెద్దనాయన నవ్వలేదు. ముంత కింద పెట్టి, దాని అంచు వేలితో ఒకసారి తడిమి చూసుకుని, "మన వరసల ఆరిండ్లకు లైట్లు పెడత," అన్నాడు. "ఆరూ మంచిగ వెలిగినయనుకో, నేను ఇంక పనికొచ్చేటోన్నే, ఉంట. లేదనుకో, మీరెవ్వరు చెప్పేదాంక ఆగ. నేనే బస్సెక్కుత."

అదీ ఒప్పందం. నేను విన్నాను. ఆయన ఉండిపోవాలని నాకు ఉంది. కారణం పెద్దదేమీ కాదు. ఆ ఊళ్ళో నన్ను ఎంత, ఎన్ని అని అడిగి, నేను చెప్పింది వినేవాడు ఆయనొక్కడే.

కోంటా బజారు నుంచి పాత లారీ బ్యాటరీ, తీగ, బల్బులు తెప్పించాడు. తీగ మందాన్ని ఆయన బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపి చూసి "మంచిగున్నది" అన్నాడు. ఇక నాకు మీటరు నేర్పడం మొదలుపెట్టాడు. అద్దం కింద ముల్లు, దాని వెనక గీతలు. ఒక్కో వోల్టుకు ఐదు చిన్నగీతలు. రెండు తీగలు, వాటి చివర రెండు పిన్నులు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు.

మొదటిరోజు నేను ఎర్రపిన్ను బ్యాటరీ మీద పెట్టి చూశాను. ముల్లు కదల్లేదు.

"ఏమీ లేదు పెద్దనాయనా. బ్యాటరీ చచ్చిపోయింది."

"చావలే. నువ్వడిగుడు తప్పు. ఒక్కకాడ పెట్టి ఎంతున్నవంటే అదేం చెప్తది? కిరందుల్ ఎంత ఎత్తుంటది, చెప్పు."

"చాలా ఎత్తు."

"దేనికంటే? గుట్టమీద గనికాడ నిలబడి చూస్తే మా క్వార్టర్లు లోతుల ఉంటయి. మనూరి కాన్నుంచి చూస్తే ఆ క్వార్టర్లే గుట్ట. ఎత్తు అనేది ఒక్కకాడ ఉండదు బిడ్డా. ఏడికెళ్ళి ఏడికి అని అడగాలె. వోల్టు గూడ గంతే. రెండో పిన్ను పెట్టు."

నల్లపిన్ను రెండో కొన మీద పెట్టాను. ముల్లు లేచి పన్నెండు దాటి ఒక గీత మీద ఆగింది. పన్నెండు పాయింట్ రెండు. ఆ తర్వాత రెండు పిన్నులూ బ్యాటరీ ఒకే కొన మీద, ఒకదాని పక్కన ఒకటి పెట్టించాడు. సున్నా.

"ఎందుకు?" అని నన్నే అడిగాడు.

"రెండూ ఒకే ఎత్తుల ఉన్నయి."

"ఆ. తేడా లేనికాడ ఏదీ కదలదు. గనిల ఖనిజం పైనుంచి కిందికి దొర్లొస్తది. గుట్టమీద గుట్టమీదనే దొర్లమంటే దొర్లుతదా?"

ఆ వారం నేను ఊళ్ళో దేన్నీ వదల్లేదు. బోరింగు చేతికర్రకు, దాని కింద మట్టికి పెట్టాను. మేక కొమ్ములకు పెట్టబోతే అది నన్ను పొడిచింది. నాయనమ్మ చింతపండు నానబెట్టిన ముంతలో ఒకవైపు ఇనుప మేకు, ఇంకోవైపు రాగి తీగ ముక్క దించి పిన్నులు తగిలిస్తే ముల్లు మూడు గీతలు లేచింది. నేను అరిచిన అరుపుకి నాయనమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నా పులుసుల కరెంటు పెడుతున్నవా! ముండా, అది తిని మేం చావాల్నా?"

"పులుసుల ఉన్నదే అది, నాయనమ్మా. నేను పెట్టలేదు."

"ఉంటె ఉండనీ. నువ్వు చూడకు!"

పెద్దనాయన ఆరోజు ఎర్రచీమల పచ్చడితో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. "ఆమె చెప్పింది గూడ నిజమే. ఉన్నదాన్ని చూడకపోతే లేనట్టే ఉంటది," అన్నాడు.

తీగ గురించి ఆయన చెప్పింది కూడా ఇక్కడ రాయాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. బ్యాటరీ దగ్గర పన్నెండుంటే బల్బుకు పన్నెండు అందదు. దారిలో తీగ కూడా కొంత తింటుంది. తీగ సన్నమైతే ఎక్కువ తింటుంది, పొడుగైతే ఇంకా ఎక్కువ తింటుంది. వెళ్ళే తీగా తింటుంది, తిరిగొచ్చే తీగా తింటుంది. తిన్నది పోగా మిగిలిందే బల్బుది. "ఆఖరింట్ల పదకొండుంటే పని అయినట్టు," అన్నాడు. "పది కిందికి దిగిందంటే నేను పని చేసినట్టు కాదు."

"వెలుతురు చూస్తే తెలవదా?"

"కన్ను అబద్ధమాడుతది. నా కన్నయితే రెండు ఆడుతది. మీటరు ఆడదు. అందుకే నిన్ను అంకె అడుగుత."

బ్యాటరీని మా వరసలో నడిమింట్లో పెట్టాలని ఆయన అనుకున్నాడు. అక్కడినుంచి అటు కొంత, ఇటు కొంత తీగ పోతుంది. ఆ మాట చెప్పడానికి పటేలు ఇంటికి వెళ్ళాం. పటేలంటే మా ఊరి పెద్ద. ఆయన ఇల్లు వరసకు తూర్పు చివర, మాది పడమటి చివర. మా దగ్గర కొత్త మామిడికాయ కూడా పటేలు ఇంట్లో పూజయ్యేదాకా ఎవరూ కొరకరు. కొత్త చిక్కుడు, కొత్త బియ్యం, అన్నీ అంతే.

"నడిమింట్ల పెడితే అందరికి సరిగ్గ వస్తది పటేలా," అన్నాడు పెద్దనాయన.

పటేలు చుట్ట పక్కకు తీశాడు. "కొత్త మామిడి ముందు ఏడ దిగుతది?"

"నీ ఇంట్లనే."

"కొత్త బియ్యం?"

"నీ ఇంట్లనే."

"మరి కొత్త వెలుగు మామిడికాయకంటె పెద్దదా, చిన్నదా? చిన్నదయితే పద్ధతి మీరకూడదు. పెద్దదయితే అసలే మీరకూడదు. నువ్వు ముప్పై ఏండ్లు గుట్టమీద ఉండి మర్చిపోయినవు గని, మేము మర్వలే."

పెద్దనాయన కాసేపు వేళ్ళమీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "సరే, తీగ మందంగనే ఉన్నది. చూద్దాం," అన్నాడు. బ్యాటరీ పటేలు ఇంట్లో దిగింది. దానికి బొట్టు పెట్టారు, బియ్యం చల్లారు. పక్కనే ఒక కోడి తిరుగుతుంటే పెద్దనాయన ఆ చప్పుడుకి, దాన్ని కోస్తారేమోనని కంగారుపడి, "దానికి కోడి వద్దు పటేలా, డిస్టిల్డ్ వాటర్ చాలు," అన్నాడు.

తీగ లాగడానికి నాలుగు రోజులు పట్టింది. తునికాకు కోత మొదలైంది. కల్లంలో ఎండుతున్న ఆకు వాసన ఊరంతా ఉండేది. పొద్దున నేను కట్టకు యాభై చొప్పున ఆకులు లెక్కపెట్టి కట్టేదాన్ని, మధ్యాహ్నం వెదురు గుంజల మీదుగా తీగ పట్టుకునేదాన్ని. జాయింట్లన్నీ ఆయనే చేశాడు. చూడకుండా, వేళ్ళతో.

వెలిగించిన రోజు పొద్దు గుట్ట వెనక్కి దిగాక అందరూ పటేలు ఇంటి ముందు చేరారు. పెద్దనాయన తీగ తగిలించాడు. బల్బు తెల్లగా వెలిగింది. జనం ఒక్కసారి వెనక్కి జరిగారు. నేను పిన్నులు పెట్టాను.

"ఎంతున్నది?"

"పన్నెండు పాయింట్ రెండు."

"మంచిది. పద."

ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని రెండో ఇంటికి నడిచాడు. ఇరవై మీటర్లు. జనం మా వెనకాలే వచ్చారు. పిన్నులు పెట్టి చూశాను. ముల్లు సరిగ్గా పదకొండు మీద ఉంది. ఒక్క ఇంటికే ఒకటీ పాయింట్ రెండు పోయింది. అలాంటివి ఇంకా నాలుగు. నాకు గుణకారం వచ్చు. ఐదు సార్లు ఒకటీ పాయింట్ రెండు ఆరు, అది పోతే ఆఖరింటికి మిగిలేది పదికి చాలా కిందే.

"ఎంతున్నది?"

"పన్నెండు," అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నోరు తెరిచాను, అది బయట ఉంది. మూడో ఇంట్లో ముల్లు పది మీద ఉంది. పదకొండు పాయింట్ ఎనిమిది అన్నాను. నాలుగో ఇంట్లో తొమ్మిది పాయింట్ రెండు ఉంటే పదకొండు పాయింట్ ఆరన్నాను. ఐదో ఇంట్లో ఎనిమిది పాయింట్ ఆరు. పదకొండు పాయింట్ నాలుగు అన్నాను. ప్రతి ఇంటికీ పాయింట్ రెండు తగ్గించడం నాకు తెలివైన పనిగా తోచింది.

ఆరోది మా ఇల్లు. బల్బులో తీగ ఎర్రగా, పొయ్యిలో ఆరబోయే నిప్పులా ఉంది. ముల్లు ఎనిమిది పాయింట్ నాలుగు మీద నిలబడింది.

"ఎంతున్నది, బిడ్డా?"

"పదకొండు పాయింట్ రెండు."

"అన్నిండ్లకు సమానంగనే తగ్గిందా?"

"ఆ. సమానంగానే."

ఆయన బల్బు కింద నిలబడి తల పైకెత్తాడు. నాయనమ్మ అప్పటికే ఏడుస్తూ నవ్వుతోంది.

"పట్టపగలున్నట్టున్నది కొడకా! ఆ మూలకు చూడు, చాట కనపడుతున్నది. చాటల రాళ్ళు గూడ కనపడుతున్నయి!"

ఆమె అబద్ధం చెప్పలేదు. ఆ ఇంట్లో అప్పటిదాకా ఉన్నది కిరసనాయిలు బుడ్డి ఒక్కటే. దాని పక్కన ఇది పట్టపగలే. మా ఇంట్లోవాళ్ళు పటేలు ఇంటి బల్బును దీని పక్కన పెట్టి చూడలేరు. తెల్లటి వెలుగు ఎలా ఉంటుందో ముప్పై ఏళ్ళు చూసినవాడు అక్కడ ఒక్కడే ఉన్నాడు.

నాయన దగ్గరికి వచ్చి పెద్దనాయన మోచెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నాది తప్పు. నువ్వు ఏడికి పోవద్దు. ఈన్నే ఉండు."

పెద్దనాయన ఇంకా పైకే చూస్తున్నాడు. "నీకు మంచిగ కనపడుతున్నదారా?"

"సూర్యుని లెక్కున్నది!"

"అమ్మకు?"

"కనపడుతున్నది కొడకా, కనపడుతున్నది."

"మీటరు గూడ పదకొండంటున్నది," అన్నాడు మెల్లగా. "నాకయితే నిప్పు లెక్క ఎర్రగ కనపడుతున్నది. పటేలింట్ల మంచిగనే కనపడె. ఇంటింటికి మసకయింది. పొద్దుగూకితే ఇట్లనే అయితదని డాక్టరు చెప్పిండు. గింత జల్ది అయితదనుకోలే." బల్బు మీంచి తల దించాడు. "పని అయింది తమ్మీ. మనిషే అయిపోయిండు."

నాయనమ్మ నవ్వు ఆగింది.

ఆయన బస్సెక్కింది నాలుగో రోజున. నడుమ మూడు రోజులున్నాయి. రెండో రోజు సాయంత్రం నేనొక్కదాన్నే మళ్ళీ పిన్నులు పెట్టి చూశాను. ఎనిమిది పాయింట్ నాలుగు. ఆయన వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు, నాకు పది అడుగుల దూరంలో. నిజం చెబితే పని ఓడిపోయినట్టు, ఆయన వెళ్ళిపోతాడు. చెప్పకపోతే కళ్ళు ఓడిపోయినట్టు, అప్పుడూ వెళ్ళిపోతాడు. రెండు వైపులూ ఒకే ఎత్తులో ఉన్నాయి. తేడా సున్నా. నేను కదల్లేదు.

మరైగూడ దగ్గర బస్సు ఎక్కేముందు మీటరు తువ్వాలుతో సహా నా చేతిలో పెట్టాడు. "నీ కండ్లు మంచియి," అన్నాడు. "వాడుకో." నాయన రేకుపెట్టెను బస్సు పైకి ఎక్కించాడు. బస్సు వెళ్ళిపోయాక నాయన, నేను ఆకు కల్లానికి వెళ్ళాం. ఆరోజు నేను డెబ్బై రెండు కట్టలు కట్టాను.

బ్యాటరీని రెండుసార్లు కావడిలో కోంటా మోసుకెళ్ళి చార్జింగు పెట్టించారు. మూడోసారి ఎవరూ మోయలేదు. మరుసటి ఏడాది వానల్లో పెద్దనాయన కిరందుల్‌లో పోయాడని కబురొచ్చింది. అప్పటికి ఆయనకు చూపు ఇంకా కొంత ఉందని, చివరిదాకా అన్నం తానే కలుపుకున్నాడని వాళ్ళ బిడ్డ చెప్పింది. నేను విన్నాను.

తర్వాత సంగతులు నాకు నేనే నేర్చుకున్నాను. జగదల్‌పూర్‌లో కొన్న ఒక ఐటీఐ పుస్తకం, అట్ట లేనిది, ఎక్కువ భాగం దాంట్లోదే. ఇప్పుడు చుట్టుపక్కల రైతులు మోటారుకు ఎంత దూరానికి ఎంత మందం తీగ కొనాలో నన్ను అడుగుతారు. చెబుతాను. మా వరస తీగ లెక్క కూడా వేశాను. ఆ తీగకు పైన రబ్బరు మందం, లోపల రాగి సన్నం. ఆయన వేళ్ళు కొలిచింది రబ్బరును. బ్యాటరీ నడిమింట్లో పెట్టి ఉంటే, ఆ సన్న తీగతోనే, మా ఇంటికి పదిన్నర దాకా అందేది. బల్బు తెల్లగానే వెలిగేది.

ఇంకొకటి కూడా తెలిసింది. ఆరిళ్ళు ఒకే తీగ మీద ఉంటే వోల్టులు సమానంగా తగ్గవు. మొదటి ముక్క ఐదిళ్ళ కరెంటు మోస్తుంది, ఆఖరి ముక్క ఒక్క ఇంటిది. కాబట్టి మొదట ఎక్కువ పోతుంది, చివర కొంచెమే పోతుంది. నేను చూసిన అంకెలు అలాగే ఉన్నాయి. నేను చెప్పినవి అలా లేవు. ముప్పై ఏళ్ళ వైర్‌మన్‌కు ఇది తెలియకుండా ఉండదు. "సమానంగనే తగ్గిందా?" అని ఆయన అడిగింది అందుకే అయి ఉండాలి. అంటే, నమ్మి వెళ్ళాడో, తెలిసే వెళ్ళాడో నాకు తెలియదు. తన కళ్ళు పోయాయనుకుని వెళ్ళాడో, తన కోసం ఒక పిల్ల అంకెలు మార్చే స్థితి వచ్చిందని వెళ్ళాడో. ఈ లెక్క వేయడానికి ఒక చోటే పిన్ను పెట్టగలను. రెండో చోటు ఇప్పుడు లేదు.

మీటరు నా దగ్గరే ఉంది. ముల్లు సున్నా దగ్గర అతుక్కుపోయింది. మొన్న వచ్చిన కరెంటువాళ్ళు తమ కాగితం మీద నూట డెబ్బై అని రాసుకుని వెళ్ళిపోయారు. సరిగ్గానే రాశారు, నేను చూశాను.

ఆ సాయంత్రం మా ఇంట్లో నేను చెప్పింది పదకొండు పాయింట్ రెండు. చూసింది ఎనిమిది పాయింట్ నాలుగు. పెద్దనాయనకు నేను ఇంకా ఇవ్వాల్సింది రెండు పాయింట్ ఎనిమిది వోల్టులు.